యంత్రభాషలలో గొలుసువాక్యము



"చెఱకు నఱికి, గానుగాడి, వడియగట్టి, పెనములో కాచి, అచ్చులలో పోసిరి" అని మనలో నెవరైనను చెప్పినచో వినువారికి చిక్కు లేదు. పనులైదు. ఐదును జరిగిన వరుసలోనే చెవికి సోకినవి. మొదటి నాలుగు క్రియలును పూర్తికాక, నఱికి, ఆడి, కట్టి, కాచి యని సగములో నిలిచి తరువాతి పనికి చేయి యందించుచున్నవి. కాలము, పురుషము, వచనము అను బరువునంతయు చివరనున్న 'పోసిరి' యను నొక్క క్రియయే మోయుచున్నది. ఇట్టి రూపమునకు మన వైయాకరణులు క్త్వార్థకమని పేరిడిరి. తెలుగు వాక్యమునకు నడక నేర్పినది ఇదియే యన్నను అతిశయోక్తి కాదు.

ఇదే సంగతిని తలక్రిందుగా చెప్పి చూడుడు. "అచ్చులలో పోయుడు, దేనినన, కాచినదానిని, కాచినది దేనినన, వడియగట్టినదానిని, వడియగట్టినది దేనినన, గానుగాడినదానిని, గానుగాడినది దేనినన, నఱికిన చెఱకును." అర్థము మాఱలేదు. కాని వినువాడు చివరి మాట వఱకు పని యెక్కడ మొదలైనదో తెలియక ఊపిరి బిగబట్టి కూర్చుండవలెను. తీరా మొదలు తెలిసిన పిమ్మట మరల వెనుకకు నడచి ఒక్కొక్క పనిని సరిచూచుకొనవలెను. కంప్యూటరను యంత్రమునకు పనులు చెప్పు భాషలలో పెక్కింట చాలకాలము ఈ తలక్రిందు పద్ధతియే రాజమార్గమై యుండెను. దాని ప్రక్కన మన క్త్వార్థకము వంటి గొలుసు నొకదానిని క్రొత్తగా చేర్చవలెనా వలదా యను తగవు కొన్ని యేండ్లుగా దేశదేశముల పండితులలో సాగుచున్నది. ఆ తగవెట్టిదో, ఏ పక్షమున న్యాయమెంతయో ఈ పూట మనవి చేయుదును.

"యంత్రము గొడవ మనకేల?" యని పెద్దలనవచ్చును. చల్లపల్లి మొదలు అవనిగడ్డ వఱకు, ఇటు ఘంటసాల, మొవ్వ వఱకు, కంప్యూటరు చదువు చదివి హైదరాబాదుననో బెంగుళూరుననో అమెరికాలోనో ఆ వ్రాతపనితో జీవించు బిడ్డ యొకడైన లేని గ్రామము మన సీమలో అరుదు. వారు దినమంతయు చేయునది వ్రాయుట. అంతకంటె నెక్కువగా, ఒరులు వ్రాసిపోయినదానిని చదివి దిద్దుట. మఱియు మన భూముల లెక్కలు, పింఛనుల పట్టికలు, బ్యాంకుల పద్దులు నేడు ఆ భాషలలో వ్రాసిన యాజ్ఞలచేతనే నడచుచున్నవి. ఆ వ్రాతలో గొలుసెచ్చట తెగినను దాని ఫలము మన గుమ్మము వఱకు వచ్చును.

ఈ యంత్రభాషలు మనుష్యులు బుద్ధిపూర్వకముగ కల్పించినవి. వీనికిని పదములు, వాక్యనిర్మాణము, వ్యాకరణము కలవు. వీనిలో వరుసగా వ్రాసిన యాజ్ఞల సముదాయమును ప్రోగ్రామందురు. మన భాషకును వీనికిని నొక గొప్ప భేదము కలదు. సంతలో కూరలమ్ము ముసలమ్మ విభక్తి తప్పి పలికినను మనకు బేరము కుదురును. వాక్యమున కర్థము తోచుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యని మన శాస్త్రకారులు మూడు హేతువులు చెప్పిరి. వినువాడు ఆ మూడింటిని మనస్సుతో కూర్చుకొని కొఱతను తానే పూరించుకొనును. ప్రోగ్రామును నడపు యంత్రమునకట్టి మనస్సు లేదు. ఒక్క చుక్క తప్పినను అది పని మానుకొనును. సూత్రములో లేని గుఱుతు దానికి గుఱుతే కాదు. కావున క్రొత్త వాక్యరీతి కావలసినచో పెద్దలు సభ తీర్చి, ప్రతి సందేహమునకును ముందుగానే సమాధానము వ్రాసిపెట్టవలెను.

తలక్రిందు పద్ధతి గణితమునుండి వచ్చినది. 18వ శతాబ్దిలో ఆయిలరు మొదలగు గణితవేత్తలు క్రియ పేరు ముందు వ్రాసి, దాని ప్రక్క బ్రాకెట్లలో ఆ క్రియకు పాత్రమగు వస్తువును వ్రాయు నాచారమును నెలకొల్పిరి. ఒక్క పనికిది చక్కగనే యుండును. పని మీద పని వచ్చినపుడు మాత్రము బ్రాకెట్టులో బ్రాకెట్టు, దానిలో నింకొకటి, ఉల్లిగడ్డ పొరలవలె పెరుగును. మన బెల్లపు వంట ఆ లిపిలో నిట్లుండును:

పోయుము(కాచుము(వడియగట్టుము(ఆడుము(నఱుకుము(చెఱకు)))))

చివరనున్న ఐదు మూతలను లెక్కించుటకే ఒక గుమాస్తా కావలెను.

గొలుసు పద్ధతి ప్రసిద్ధికెక్కినది ప్రోగ్రాములను నడపు వ్యవస్థలో. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేయుచుండిన డగ్లస్ మెకిల్రాయి యను నాయన 1964 అక్టోబరులో ఒక కాగితముపై తన కోరిక వ్రాసిపెట్టెను. తోటకు నీరు పెట్టు గొట్టములను మఱలతో ఒకదానికొకటి తగిలించినట్లు, ప్రోగ్రాములను తగిలించుకొన వీలుండవలెనని దాని సారాంశము. బ్యారేజినుండి పెద్దకాలువకు, పెద్దకాలువనుండి పిల్లకాలువకు, అచ్చటినుండి బోదెకు, బోదెనుండి మడికి నీరు దిగుట నిత్యము చూచు మనకీ కోరిక వింతగా తోపదు. అది తొమ్మిదేండ్లు కాగితముమీదనే యుండెను. 1973లో కెన్ థాంప్సను యూనిక్సు వ్యవస్థలో దానిని ఒక్క రాత్రిలో అమర్చెనని చెప్పుదురు. రెండు ప్రోగ్రాముల పేర్ల నడుమ నొక నిలువుగీత గీచిన చాలును. మొదటిదాని ఫలితము రెండవదానికి ముడిసరుకగును. ఆ గీతకు పైపని పేరు, అనగా గొట్టము. అచ్చటివారందఱును తమ పాత ప్రోగ్రాములను ఆ గొట్టమునకు తగినట్లు దిద్దుకొనిరి. గుఱుతు వచ్చిన పిమ్మట ఆలోచనయే మాఱినదన్నమాట.

భాషలలోనికి వచ్చుసరికి పని అంత సులువు కాలేదు. నేడు లోకమున మిక్కిలి వాడుకలోనున్న జావాస్క్రిప్టు భాషనే చూతము. 1995లో బ్రెండన్ ఐక్ అను నాయన పది దినములలో దాని తొలిరూపమును కల్పించెను. చేతిలోని ఫోనులో మనము తెఱచి చూచు వెబ్ పుటలలో చాలభాగము దాని యాజ్ఞలచే కదలునవే. ఈ భాషలో నొకవిధమగు గొలుసు మొదటినుండియు కలదు. వస్తువు పేరు వ్రాసి, చుక్క పెట్టి, పని పేరు వ్రాసి, మరల చుక్క పెట్టి వేఱొక పనిని చెప్పవచ్చును. కాని ఆ చుక్కగొలుసునకు కట్టుబాటు కలదు: ఆ వస్తువునకు స్వంతమైన పనులనే చుక్కతో చెప్పవలెను. ఇంటి పాలేరునకు పని వెంబడి పని చెప్పవచ్చును గాని, పొరుగూరినుండి పిలిపించిన వడ్రంగిని ఆ వరుసలో నిలుపరాదు. బయటి పని నడుమ వచ్చినంతనే గొలుసు తెగి మరల బ్రాకెట్ల పొరలలో పడవలసినదే.

ఇంటివైనను బయటివైనను పనులన్నిటిని ఒకే వరుసలో నిలుప నొక గుఱుతు కావలెనని కొందఱు కోరిరి. నిలువుగీత గీచి, దానిని తాకించి కుడివైపునకు బాణపుమొన వంటి గుఱుతు పెట్టుట ఎఫ్-షార్పు, ఎలిక్సిరు మొదలగు భాషలలో నప్పటికే వాడుకలో నుండెను. దానినే తమకును ఇమ్మనిరి.

జావాస్క్రిప్టునకు సూత్రనిర్ణయము చేయునది ఎక్మా యను సంస్థలోని 39వ సాంకేతికసంఘము. అచ్చట ప్రతి ప్రతిపాదనయు సున్న మొదలు నాలుగు వఱకు మెట్లెక్కవలెను. ప్రతి మెట్టునను ఏకాభిప్రాయము కుదరవలెను. ఒక్క సభ్యుడు గట్టిగా కాదన్నను ఆ మెట్టెక్కదు. గొలుసు ప్రతిపాదన 2017లో మొదటి మెట్టెక్కినది. రెండవ మెట్టెక్కుటకు 2021 ఆగస్టు వఱకు పట్టినది. ఈ నాలుగేండ్లును వారేమి వాదించుకొనిరి? ఇచ్చటనే మన వ్యాకరణము అక్కఱకు వచ్చును.

మొదటి వాక్యమును మరల తలచుకొనుడు. చెఱకు నఱికి గానుగాడిరి. దేనిని ఆడిరి? వడియగట్టిరి. దేనిని? చెప్పలేదు. వినువాడు అధ్యాహారము చేసికొనెను. సభలో నొక పక్షమువారు ఇట్లే యుండవలెననిరి. గుఱుతునకు ఎడమనున్న వస్తువు కుడినున్న పనికి తానుగా పోయి చేరును. నడుమ నేమియు పలుక నక్కఱలేదు. ఇది ఎఫ్-షార్పు మర్యాద. రెండవ పక్షమువారు అధ్యాహారమును ఒప్పలేదు. వచ్చిన వస్తువు కుడివైపున ఎచ్చట నిలువవలెనో సర్వనామముతో చెప్పవలెననిరి. 'దానిని', 'దానిలో', 'దానితో' అన్నట్లు. ఇది హాక్ అను భాష మర్యాద.

ఒక్క వస్తువుతో తీఱు పనులకు మొదటి పక్షము ముచ్చటగా నుండును. కాచుట యట్టిది, వడియగట్టుట యట్టిది. కాని మడ్డి తేలుటకు రసములో సున్నము కలుపుదురు. ఆ కలుపుటకు రెండు వస్తువులు కావలెను. గొలుసున నడచివచ్చినది రసమా, సున్నమా? మనకు చిక్కు లేదు. రసములో సున్నమును అని విభక్తులే చెప్పును. యంత్రభాషలలో పెక్కింట విభక్తులు లేవు, స్థానమే విభక్తి. మొదటి స్థానమున కూర్చున్న దానికొక యర్థము, రెండవ స్థానమున కూర్చున్న దానికి వేఱొక యర్థము. కావున మొదటి పక్షమువారు రెండు వస్తువుల పనిని ముందుగా ఒక్క వస్తువు పనిగా మలచి గాని గొలుసులో పెట్టలేరు. సున్నమును ముందే చేత బట్టుకొని, రసము వచ్చుటయే తడవుగా నిలిచిన మనిషి నొకని సిద్ధపఱచుట వంటిదది. రెండవ పక్షమున 'దానిలో సున్నమును కలుపుము' అన్న చాలును. అయితే ఒక్క వస్తువు పనికి గూడ ప్రతిచోట 'దానిని, దానిని' అనుచు పోవలసివచ్చును. ఎలిక్సిరు భాషవారు మాత్రము వచ్చిన వస్తువు ఎల్లప్పుడును మొదటి స్థానముననే కూర్చుండునని శాసించి కలహము లేకుండ చేసికొనిరి. అచ్చటి పనులు మొదటినుండియు ఆ యేర్పాటునకు తగినట్లే కల్పింపబడినవి గనుక వారికది చెల్లినది. పాత యిల్లు కట్టుకొన్నవారికి చెల్లదు.

మొదటి పక్షము రెండవ మెట్టునకు రెండుమారులు పోయి రెండుమారులును వెనుదిరిగినది. వెబ్ పుటలను చూపు బ్రౌజర్లను నిర్మించువారు, పనిని మలచినప్పుడెల్ల యంత్రమునకు జ్ఞాపకభారము పెరుగునని యాక్షేపించిరి. దూరదేశపు కంప్యూటరునుండి జవాబు రావలసినచో గొలుసు నడుమ ఎట్లు వేచియుండవలెనను ప్రశ్నకు చక్కని సమాధానము కుదరలేదు. ఆ భాష వాడువారు రెండు తెగలుగా చీలి, ఒక తెగ వ్రాసిన పనిముట్లు వేఱొక తెగకు సరిపడవన్న భయమును కొందఱు తెలిపిరి. తుదకు సర్వనామపక్షమే 2021లో రెండవ మెట్టెక్కినది.

సర్వనామము సరే, దానికి గుఱుతేది? కీబోర్డుపైనున్న గుఱుతులన్నియు నిదివఱకే ఏదో యొక కొలువులో నున్నవి. శాతపు గుఱుతు పెట్టుదమన్న, అది భాగహారములో మిగిలిన శేషమును చెప్పుటకు వాడుకలో నున్నది. టోపీ గుఱుతన్న, దానికిని వేఱు పని కలదు. జంటటోపీలు మొదలగు జంటగుఱుతులును ఆలోచించిరి. అవి కంటికి ముండ్లవలె నున్నవని కొందఱనిరి. తరువాత నాలుగేండ్లు గడచినను ప్రతిపాదన మూడవ మెట్టెక్కలేదు. చదువుకొన్నవారు ఒక గుఱుతునకై ఇన్నేండ్లా యని నవ్వు రావచ్చును. నాకు మాత్రము నవ్వు రాలేదు. కారణము చెప్పెదను.

పాణిని తన అష్టాధ్యాయిలో సుమారు 4000 సూత్రములు రచించెను. ఒక సూత్రమున చెప్పిన పదమును తరువాతి సూత్రములో మరల చెప్పక, తానుగా నడచివచ్చునట్లు చేయుట ఆయన నేర్పు. దానిని అనువృత్తి యందురు. గొలుసుకట్టు రచనకు ఇంతకంటె ప్రాచీనమగు గొప్ప నిదర్శనము నాకు తోచదు. అయితే ఏ పదము ఎంతదూరము నడచును? అధికారము గల పదమునకు స్వరితమను స్వరము గుఱుతని ఆయనయే ఒక సూత్రమున నియమించెను. పాఠపరంపరలో ఆ స్వరితములు లోపించినవి. నేటి సూత్రపాఠమున అవి కానరావు. అందుచే ఏ పదము ఎచ్చటికి వచ్చి నిలుచునో వ్యాఖ్యాతలు చెప్పినదే మనకు గతియైనది. వ్యాఖ్యాతలలో మతభేదములు కలవు. గురుకులములో మేము నెలల తరబడి వల్లించినది సూత్రములు కావు, ఆ లోపించిన గుఱుతుల లెక్కయే. మనకు మహాభాష్యము, కాశిక ఉన్నవి గనుక బయటపడితిమి. యంత్రమునకు భాష్యకారుడు లేడు. కావున 'దానిని' అనుటకు గుఱుతు నిర్ణయించువారు తొందరపడకుండుట నాకు సమంజసముగనే తోచుచున్నది.

గొలుసునకు హద్దు కావలెనన్న సంగతియు పాణిని యెఱుగును. క్త్వా ప్రత్యయమును రెండు క్రియలకును కర్త యొక్కడేయై, ఆ క్రియ ముందు జరిగినదైనపుడే విధించెను. తెలుగున మనము "వాన కురిసి చెఱువు నిండినది" అని కర్తలు వేఱైనను అనుచునే యున్నాము. లోకమున కది సమ్మతమైనది. యంత్రముతో నట్టి చనువు చెల్లదు.

అసలీ క్రొత్త గొలుసే వలదనువారును కలరు. వారి వాదము త్రోసివేయదగినది కాదు. ప్రతి మజిలీయందును వచ్చిన ఫలితమునకు పేరు పెట్టి, ఆ పేరుతో తరువాతి పని చేయుడని వారందురు. రసము అనగా చెఱకు ఆడగా వచ్చినది. పాకము అనగా రసము కాచగా వచ్చినది. బెల్లము అనగా పాకము అచ్చుపోయగా వచ్చినది. మూడు పంక్తులు, మూడు పేళ్లు. పనిలో తప్పు దొర్లినపుడు ఏ మజిలీలో దొర్లినదో ఆ పేరుగల చోట ఆగి చూడవచ్చును. గొలుసు మధ్య తొంగిచూచుట కష్టము. కొన కందినది చెడినదని తెలియును గాని ఎచ్చట చెడినదో తెలియదు. గొలుసు పక్షమువారు దీనికి బదులు చెప్పుచు, లోకములో పేరు లేని మధ్యస్థితులకు పేళ్లు పెట్టుమన్నచో వ్రాయువాడు విసిగి 'తాత్కాలికము ఒకటి', 'తాత్కాలికము రెండు' అని వ్రాయుననియు, అట్టి పేరు ఉన్నను లేనట్లేననియు అందురు. అదియు నిజమే. అట్టి పేళ్లు చదువువానిని మోసము చేయును.

ఇందులో నా మతమిది. లోకము పేరు పెట్టినదానికి ప్రోగ్రాములోను పేరు పెట్టవలెను. రసము, పాకము, బెల్లము అను పేళ్లెందుకు పుట్టినవి? మనము వానిని అచ్చట నిలిపి చూతుము; కొలుతుము; రుచి చూతుము; అవసరమైనచో అమ్ముదుము. కాని సున్నము కలిపి మడ్డి తీయక ముందున్న రసమున కొకపేరు, తీసిన తరువాత నొకపేరు మన తాతలు పెట్టలేదు. అచ్చట ఆగి చూచువాడు లేడు. చేయి ఆడుచునే యుండును. అట్టిచోట గొలుసే సహజము. బడిలో క్త్వార్థకములు పదింటిని కూర్చి ఒక్క వాక్యము వ్రాసి తెచ్చిన విద్యార్థికి, ఎచ్చట ఊపిరి తీసికొందువో అచ్చట విఱిచి నామవాచకముతో మరల మొదలుపెట్టుమని నేను చెప్పుచుంటిని. ఈ నియమమును ఏ సంఘమును సూత్రముగా వ్రాయలేదు. అది వ్రాయువాని వివేకమునకు విడిచినది. కీడంతయు నచ్చటనే యున్నది. గుఱుతు ఇచ్చుట సభకు సాధ్యము, వివేకము నిచ్చుట కాదు.

ఇంతవఱకు చెప్పినది పనుల గొలుసు. దీనికి బంధువైన వేఱొక గొలుసు కలదు. దానిని గూర్చి పెద్దలు మఱింత శ్రద్ధగా వినవలెనని నా కోరిక. దానిని 'ఉన్నచో' గొలుసందము. చుక్కకు ముందు ప్రశ్నార్థకము చేర్చుట దాని రూపము. జావాస్క్రిప్టులో 2020 నాటి సంచికలో నిది చేరినది. మైక్రోసాఫ్టువారి సీ-షార్పు భాషలో 2015లోనే వచ్చినది. దీని ప్రయోజనము చెప్పుట సులభము. ఒక రైతు పేరునుండి ఆయన ఖాతాకు, ఖాతానుండి వారసునకు, వారసునినుండి ఆతని బ్యాంకు సంఖ్యకు పోవలెననుకొందము. నడుమ వారసుని పేరు ఎక్కింపబడలేదు. మామూలు చుక్కగొలుసైనచో ప్రోగ్రాము అచ్చటనే తప్పని కేకవేసి నిలిచిపోవును. ప్రశ్నార్థకము పెట్టినచో కేకవేయదు. 'ఏమియు లేదు' అను ఫలితమును నెమ్మదిగా చేతికిచ్చి ముందునకు సాగిపోవును.

'ఏమియు లేదు' అను వస్తువును 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అను భాషకై కల్పించినవాడు ఆంగ్లేయుడగు టోనీ హోరు. 2009లో ఆయన ఒక సభలో దానిని తాను చేసిన నూఱుకోట్ల డాలర్ల తప్పుగా చెప్పుకొనెను. లేనిదానిని ఉన్నదానివలె చేతికిచ్చుటవలన పుట్టిన నష్టములను తలచి యన్నమాట అది. 'ఉన్నచో' గొలుసు ఆ తప్పును మాన్పదు. దానికి మెత్తని గుడ్డ చుట్టును. మనిషికి రెండవ ఫోను సంఖ్య లేకపోవుట తప్పు కాదు. అచ్చట ఈ గొలుసు ఉచితము. పింఛను పట్టికలో వారసుడు లేకపోవుట తప్పు. అచ్చట ప్రోగ్రాము కేకవేయవలెను. కేకవేయనిచో ఆ నెల సొమ్ము పడదు, వృద్ధురాలు ఆఫీసు చుట్టు తిరుగును, అచ్చటి గుమాస్తాకు తెఱమీద ఖాళీ గడి తప్ప ఏమియు కనబడదు. ఎవరును అబద్ధము చెప్పలేదు. ఐనను నిజము పైకి రాదు. పైథాను భాషలో నిట్టి ప్రతిపాదన 2015లో వచ్చినది. దానిని వాయిదాలో నుంచిరి. మెత్తని గుఱుతు చేతికి చిక్కినచో జనులు దానిని అన్నిచోట్లను అలవాటుగా చల్లుదురన్నది అచ్చట వినవచ్చిన యాక్షేపణలలో నొకటి. ఆ శంక నాకును కలదు.

ఇక మార్పును నిర్ణయించు నధికారమెవరిది? మన భాషలో నిట్టి తగవు జరిగినపుడు, 1910 తరువాతి యేండ్లలో, గిడుగు రామమూర్తి పంతులుగారొక ప్రక్కను, జయంతి రామయ్య పంతులుగారు వేఱొక ప్రక్కను నిలిచిరి. పదములను సంధులతో విడదీయరాని గొలుసుగా వ్రాయుట తప్పనిసరియా యనునది గూడ ఆ కాలపు చర్చలలో నొకటి. వీరేశలింగం పంతులుగారు తమ వచనమున సంధినియమమును సడలించిరి. సభలేమి తీర్మానించినను జనులు తమ మాట తాము పలుకుచునే యుండిరి. ఎవరి యనుమతియు వేచియుండలేదు. (నేనీ ప్రసంగమును ఏ పక్షపు భాషలో చేయుచున్నానో శ్రోతలకు తెలియుచునే యున్నది.) యంత్రభాషలో నట్లు కుదరదు. సూత్రము లేనిదే ప్రయోగము లేదు. ఒకసారి విడుదలయైన సూత్రమును ఉపసంహరించుట మిక్కిలి దుర్ఘటము. 1995 నాటి వెబ్ పుట నేటికిని తెఱచుకొనవలెనన్నది జావాస్క్రిప్టువారి వ్రతము. అందుచే అచ్చట చేర్చిన గుఱుతు చిరంజీవి.

రూబీ భాషలో జరిగినది చూడుడు. జపానుదేశీయుడగు మత్సుమోతో యుకిహిరో ఆ భాషకు కర్త. 2019 జూనులో నిర్మాణములోనున్న ప్రతియందు ఈ గొలుసుగుఱుతును ప్రయోగార్థము చేర్చిరి. ఇతర భాషలలో ఆ గుఱుతు చేయు పని వేఱు, ఇచ్చట చేయునది దాదాపు చుక్క చేయు పనియే. ఒకే రూపమునకు రెండర్థములేల యని వాడుకరులు అడిగిరి. ఆగస్టులో దానిని తీసివేసిరి. విడుదలకు ముందుగనే మేలుకొనిరి గనుక తీసివేయగలిగిరి. చేర్చినవాడే తీయుట చిన్నతనమని వారు తలపకుండుట మెచ్చదగినది.

లెక్కల పండితులు వాడు ఆర్ అను భాషలో కథ వేఱుగా నడచినది. ఆ భాష తన గుఱుతులను వాడుకరులే కొంతవఱకు కల్పించుకొన నిచ్చును. 2014లో ఒక పనిముట్ల సంపుటము ద్వారా గొలుసుగుఱుతొకటి ప్రచారములోనికి వచ్చినది. జనులు విరివిగా వాడిరి. ఏడేండ్ల వాడుక చూచిన పిమ్మట, 2021 మేలో భాషకర్తలు తమ స్వంత గొలుసుగుఱుతును చేర్చిరి, మొదట అధ్యాహారముతోనే. 2022లో సర్వనామమునకు అడుగుగీతను గుఱుతుగా నిచ్చిరి. ప్రయోగము ముందు, సూత్రము వెనుక. వ్యాకరణము చదివిన నా బోటివాని కీ వరుసయే హితముగ నున్నది.

ఇటీవల తీర్పు వచ్చినది పీహెచ్‌పీ భాషలో. 1995లో లోకమునకు వచ్చిన ఆ భాషలో క్రొత్త వాక్యరీతి చేర్చుటకు ఓటులలో మూడింట రెండువంతులు కావలెను. గొలుసు ప్రతిపాదన 2016లో ముందునకు సాగలేదు. 2021లో ఓటులలో నెగ్గలేదు. 2025లో మరల వచ్చి నెగ్గినది. ఆ సంవత్సరము నవంబరు 20వ తేదీన వెలువడిన 8.5వ సంచికలో చేరినది. వారు సర్వనామపు తగవును ప్రక్కకు పెట్టి అధ్యాహారపక్షమునే గ్రహించిరి. ఎడమ వస్తువు కుడి పనికి తానుగా చేరును. ఆ పని ఒక్క వస్తువుతో తీఱునదై యుండవలెను. ఆ సంచికతో బెల్లపు వంట వ్రాయబూనినవాడు నఱుకుట, ఆడుట, వడియగట్టుట, కాచుట, పోయుట అను ఐదింటిని మన వాక్యములోని వరుసలోనే, మూతల లెక్క లేకుండ వ్రాయగలడు. సున్నము కలుపు పనిని మాత్రము వేఱొక చిన్న పొట్లములో చుట్టి గొలుసున కందింపవలసియున్నది.